మూడు చిల్లుల సాక్ష్యం చాలదు

అమెరికాలో తూటాలు ఇంట్లో నింపుకునేవాళ్ల (కాల్చిన ఇత్తడి కేసులో కొత్త ప్రైమరు, అంటే నిప్పు పుట్టించే చిన్న మూత, పౌడరు, ముందు బుల్లెటు పెట్టి మళ్లీ తూటా చేసుకునేవాళ్ల) ఫోన్లలో ఒక ఫొటో ఉండి తీరుతుంది. వంద గజాల దూరాన పెట్టిన కాగితం, దాని మీద ఒకదానికొకటి ఆనుకుని మూడు చిల్లులు, ఎంత చిన్నవో తెలియడానికి పక్కన ఒక డైమ్ నాణెం. కింద పౌడరు పేరు, గ్రెయిన్లలో (గ్రెయిను అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు) తూకం దశాంశంతో సహా. టెక్సస్‌లో స్థిరపడ్డ మనవాళ్లలో కూడా వారాంతాల్లో రేంజికి వెళ్లేవాళ్లు, నవంబరు వచ్చిందంటే జింకల వేటకి లీజు చూసుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ ఫొటో ఇప్పుడు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోకీ వస్తోంది. "లోడు దొరికేసింది" అన్న మాట దాంతోపాటే వస్తుంది, అంటే ఆ రైఫిలుకి సరిపోయే పౌడరు, తూకం, బుల్లెటు కలయిక తేలిపోయిందని.

దొరకలేదు. మూడు షాట్లతో లోడు దొరకదు. బల్ల దగ్గర మనం పెట్టే శ్రమలో సగానికి పైగా ఆ మూడు చిల్లులని నమ్మినందువల్లే వృథా అవుతోందనీ, నిజంగా శ్రద్ధ పెట్టాల్సిన చోట అది పెట్టడం లేదనీ నా అభిప్రాయం.

అదృష్టం ఎంత, లోడు ఎంత

ఒక రైఫిలు, ఒక తూటా జత తీసుకోండి. దాని సహజమైన చెదురు మారదనుకుందాం. ఆ జతతో మూడేసి షాట్ల గ్రూపులు చాలా కాల్చి, ఒక్కో గ్రూపులో అన్నిటికంటే దూరంగా పడ్డ రెండు చిల్లుల మధ్య దూరానికి సగటు తీస్తే 1 అంగుళం వచ్చిందనుకోండి. అదే జతతో అయిదేసి షాట్లు కాలిస్తే సగటు 1.27 అంగుళాలు, పదేసి కాలిస్తే దాదాపు 1.6 అంగుళాలు వస్తుంది. రైఫిలు మారలేదు, పౌడరు మారలేదు. ఎక్కువ షాట్లు వేసేకొద్దీ అంచుల్లోకి వెళ్లేవి బయటపడతాయి, అంతే. కాబట్టి "నాది అర అంగుళం రైఫిలు" అని ఎవరైనా అంటే మొదట అడగాల్సింది ఎన్ని షాట్ల గ్రూపు అని.

ఇంతకంటే ఇబ్బంది పెట్టేది ఇంకొకటుంది. మూడు షాట్ల గ్రూపు సైజు దాని సగటు చుట్టూ మామూలుగానే 37 శాతం అటూ ఇటూ ఊగుతుంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా. ఇప్పుడు మనవాళ్లు చేసే పరీక్ష చూడండి. పౌడరు 0.3 గ్రెయిన్ల చొప్పున పెంచుకుంటూ పది మెట్లు, మెట్టుకి మూడు తూటాలు. ఆ పది మెట్లలో అసలు ఏ తేడా లేకపోయినా, పదీ ఒకే లోడయినా, కాగితం మీద ఒక గ్రూపు అర అంగుళం దగ్గరికి వస్తుంది, ఇంకొకటి ఒకటిన్నర దాటుతుంది. మనం అర అంగుళం వచ్చినదాన్ని పట్టుకుని దానికి "నోడ్" (రైఫిలు బాగా కాలుస్తుందని చెప్పుకునే తూకం) అని పేరు పెట్టి, అదే తూకంతో వంద తూటాలు నింపుతాం. వచ్చేవారం అది ఒక అంగుళం పైన కాలుస్తుంది. అప్పుడు గాలి అంటాం, ట్రిగ్గరు సరిగా లాగలేదంటాం, బ్యారెల్‌లో రాగి పేరుకుందంటాం. వారం కిందట వచ్చిన అర అంగుళం అదృష్టమేమో అని మాత్రం అనుకోం.

నమ్మకం కలగకపోతే చిన్న పని చేయండి. ఒకే తూకంతో ముప్పై తూటాలు నింపి, మూడేసి చొప్పున పది సంచుల్లో వేసి, ఒక్కో సంచి మీద అబద్ధపు తూకం రాసి కాల్చండి. కాగితం మీద చక్కని "నోడ్" కనిపించి తీరుతుంది. హార్నడీ కంపెనీ ఇంజినీర్లు కూడా కొన్నేళ్లుగా గ్రూపుకి ఇరవై, ముప్పై షాట్లు కావాలని బాహాటంగానే చెబుతున్నారు. బుల్లెట్లు అమ్ముకునేవాళ్లు ఎక్కువ కాల్చమనక ఏమంటారని ఎగతాళి చేసినవాళ్లున్నారు. నవ్వుకోవచ్చు, కానీ లెక్క ఎవరు చెప్పినా లెక్కే.

బుల్లెటు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ సంగతీ ఇంతే. 2023లో గార్మిన్ జెరో అనే చిన్న రాడార్ పరికరం వచ్చాక వేగం కొలవడం అరచేతిలో పనైపోయింది. అయిదు షాట్లు వేసి తెర మీద "ఎస్‌డీ 10" (స్టాండర్డ్ డీవియేషన్, అంటే వేగం షాటుకీ షాటుకీ ఎంత మారుతోందో చెప్పే కొలత) అని చూసి మురిసిపోతున్నారు. అయిదు షాట్ల నుంచి వచ్చిన 10కి అసలు విలువ 6 అయినా కావచ్చు, 29 అయినా కావచ్చు. 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది అంతే. పది షాట్లయితే ఆ హద్దులు 7కీ 18కీ తగ్గుతాయి, ముప్పై అయితే 8కీ 13కీ మధ్యకి వస్తాయి. అయిదు షాట్లతో ఒక లోడుకి 8, ఇంకోదానికి 13 వచ్చిందని మొదటిదాన్ని ఎంచుకోవడం బొమ్మా బొరుసా వేసి ఎంచుకున్నట్టే.

పైగా ఆ తేడా ఎవరికి పనికొస్తుంది? 6.5 క్రీడ్‌మూర్ అనే రకం తూటాలో 140 గ్రెయిన్ల బుల్లెటు సెకనుకు 2,700 అడుగుల వేగంతో వెళ్తుందనుకోండి. వేగంలో 20 అడుగుల తేడా వస్తే వెయ్యి గజాల దగ్గర సుమారు 5 అంగుళాలు పైకో కిందకో పోతుంది. 300 గజాల దగ్గర అది అర అంగుళం కూడా ఉండదు. జింక గుండె, ఊపిరితిత్తులున్న చోటు ఎనిమిది, పది అంగుళాల వెడల్పుంటుంది.

పని జరగాల్సిన చోటు: ఇత్తడి కేసు

మరి శ్రద్ధ ఎక్కడ పెట్టాలి? నన్నడిగితే ముప్పావు వంతు ఇత్తడి కేసు మీదే. పౌడరు కాలిపోతుంది, బుల్లెటు వెళ్లిపోతుంది, ప్రైమరు ఒక్కసారికే. మళ్లీ మళ్లీ వాడేదీ, వాడేకొద్దీ మారేదీ, ప్రమాదం తెచ్చేదీ కేసే.

కాల్చినప్పుడు ఉబ్బిన కేసుని మళ్లీ కొలతకి నొక్కే అచ్చు సైజింగ్ డై. దాన్ని ప్రెస్ మీద కేసుని పట్టి ఉంచే షెల్ హోల్డరుకి తగిలేదాకా దించి, ఇంకో పావు తిప్పు బిగించమని డై పెట్టెలోని కాగితంలో ఉంటుంది. అలా చేస్తే తూటా ఏ రైఫిల్లోనైనా దూరుతుంది, నిజమే. కానీ మీ రైఫిలు చాంబరుకి (తూటా కూర్చునే చోటుకి) అవసరమైన దానికంటే కేసు భుజం (మెడ కిందున్న ఏటవాలు భాగం) ఎక్కువ వెనక్కి పోతుంది. కాల్చగానే ఆ ఖాళీ నింపడానికి కేసు సాగుతుంది, మళ్లీ సైజు చేస్తే మళ్లీ వెనక్కి. నాలుగైదు సార్లకి అడుగు నుంచి కాస్త పైన గోడ పలచబడి, ఒకరోజు కేసు రెండు ముక్కలై ముందు సగం చాంబరులోనే ఉండిపోతుంది. దీనికి మందు చాలా సులువు. కాలిపర్స్‌కి భుజం దాకా కొలిచే కంపారేటరు తగిలించి, మీ రైఫిల్లో కాల్చిన కేసు భుజం ఎక్కడుందో కొలవండి. పాత ప్రైమరు తీసేసి కొలవాలి, లేకపోతే పైకి పొడుచుకొచ్చిన ప్రైమరు కొలత తప్పు చూపిస్తుంది. చేత్తో బోల్టు లాగే బోల్ట్ రైఫిలయితే అక్కడినుంచి 0.002 అంగుళం వెనక్కి జరిగేలా డై సర్దుకుంటే చాలు. ఒక్కసారి కాల్చిన కేసు పూర్తిగా చాంబరు ఆకారానికి రాకపోవచ్చు, అందుకని రెండు మూడు సార్లు కాల్చిన వాటిమీద కొలత తీసుకోవడం మేలు.

గోడ పలచబడిందో లేదో బయటినుంచి ప్రతిసారీ తెలియదు. అడుగుకి పైన మెరిసే గీత కనిపిస్తే అనుమానించాలి, కనిపించనంత మాత్రాన ధీమా పనికిరాదు. ఒక పేపర్ క్లిప్పు నిటారుగా చేసి, కొసని చిన్న కొక్కెంలా వంచండి. కేసులోకి దించి అడుగు తాకించి, గోడకి ఆనించి మెల్లగా పైకి లాగండి. పలచబడిన చోట కొక్కెం చిన్న గాడిలో పడి ఆగుతుంది. వేలికి తెలిసిపోతుంది. ఒక్క కేసులో అలా తగిలినా, దాంతోపాటు అన్నే సార్లు కాల్చిన ఆ డబ్బాలోని అన్నిటినీ చూడాలి, గాడి తగిలిన ప్రతి కేసునీ నలిపి పారేయాలి. ఇరవై డాలర్ల ఇత్తడి పోతే పోయింది.

కేసుకి రాసే నూనె దగ్గర అందరూ ఏదో ఒక వైపు తప్పుతారు. తక్కువైతే కేసు డైలో ఇరుక్కుంటుంది. ఇంకా గట్టిగా లాగితే అంచు చిరుగుతుంది, అప్పుడు అడుగుకి డ్రిల్లు వేసి, మరలు కోసి, బోల్టు పెట్టి పీకాల్సిందే. ఎక్కువైతే నూనె పోవడానికి దారిలేక భుజం మీద చిన్న సొట్టలు పడతాయి. డైకి గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది, అది మూసుకుపోయిందేమో చూసుకోవాలి. మెడ లోపలివైపు ఒక్క తడవ బ్రష్షు పోనిస్తే, మెడని లోపల్నుంచి వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ బయటికొచ్చేటప్పుడు కీచుమనదు, మెడ సాగదు.

పొడవు కూడా కనిపెట్టి ఉండాలి. .308 రకం తూటా కేసు గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, కత్తిరించి తేవాల్సింది 2.005కి. అది దాటి సాగితే కేసు మూతి చాంబరు చివర అంచులోకి దూరి బుల్లెటుని పట్టేస్తుంది, ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. సైజు చేసిన తర్వాత కొలవాలి, ముందు కొలిస్తే లాభం లేదు, సైజింగులోనే కేసు పొడవవుతుంది.

ప్రైమరు అడుగు అంచు కంటే 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికి ఉండాలి. పైకి ఉంటే బోల్ట్ రైఫిల్లో ఫైరింగ్ పిన్ను దెబ్బ ప్రైమరుని లోపలికి నెట్టడానికే ఖర్చయి, ఒక్కోసారి పేలదు. గారండ్, ఎం1ఏ లాంటి సెమీ ఆటోమేటిక్కుల్లో ఇదే తప్పు తలకిందులవుతుంది: పిన్ను వదులుగా ఉంటుంది కాబట్టి బోల్టు మూసుకుంటూనే తూటా పేలొచ్చు. నింపిన ప్రతి కేసు అడుగుమీదా వేలు పోనిచ్చి చూడటానికి రెండు సెకన్లు. పొడి వేలు, నూనె వేలు కాదు.

దశాంశాల మోజు

పౌడరుని 0.1 గ్రెయినుకి తూచాలా? తూచండి, తప్పులేదు. కానీ దాని విలువ తెలిసి తూచండి. .308 తరహా కేసులో 0.1 గ్రెయిను తేడా వేగంలో సెకనుకు 5, 6 అడుగులు తెస్తుంది. పొద్దున నీడలో ఉన్న తూటా మధ్యాహ్నం టెక్సస్ ఎండలో టేబులు మీద పడి ఉంటే అంతకంటే ఎక్కువ మారుతుంది, గుండ్రటి గింజల బాల్ పౌడర్లయితే మరీను. 0.02 గ్రెయిను చూపించే తక్కెడకి వెయ్యి డాలర్లు పోసి, వేరువేరు కంపెనీల కేసులు కలిపి నింపేవాళ్లని చూస్తే ఏమనాలో తెలియదు. మందపాటి గోడ ఉన్న కేసులో లోపల చోటు తక్కువ, అదే తూకానికి ఒత్తిడి ఎక్కువ. మిలిటరీ కేసులు సాధారణంగా అలాంటివే.

ఎలక్ట్రానిక్ తక్కెడ ఆన్ చేసి అరగంట ఆగాలి. ఏసీ గాలి, పక్కనున్న సెల్‌ఫోను దాన్ని జరుపుతాయి. పది తూటాలకొకసారి బరువు ముందే తెలిసిన చెక్ వెయిట్ పెట్టి చూసుకోవాలి. బల్ల మీద ఒక్క పౌడరు డబ్బాయే ఉండాలి, పని అయ్యాక మిగిలింది దానిలోకే పోయాలి. ఏ డబ్బాలోదో గుర్తులేని పౌడరు బయట మట్టిలో చల్లేయాల్సిందే.

ఇక్కడ ఒక్క లోడు తూకం కూడా రాయలేదని గమనించే ఉంటారు. రాయను. హార్నడీ, సియెర్రా, నోస్లర్, లైమన్ మాన్యువల్స్ ఉన్నాయి, పౌడరు కంపెనీలు డేటా ఉచితంగా ఇస్తాయి. గరిష్ఠం కంటే 10 శాతం కింద మొదలుపెట్టి మెట్లు ఎక్కడం ఎందుకంటే ఒత్తిడి చూసుకోవడానికి. కచ్చితత్వం వెతుక్కోవడానికి కాదు. ఈ రెండింటినీ కలిపేయడమే మూడు చిల్లుల జబ్బుకి మూలం. బోల్టు లేవడం బరువైతే, కేసు అడుగు మీద ఎజెక్టరు (కేసుని బయటికి తోసే భాగం) ముద్ర మెరిస్తే అక్కడ ఆగాలి. అంతకంటే ముందే హెచ్చరించేది వేగం: మాన్యువల్ గరిష్ఠ లోడుకి చెప్పిన వేగం మీకు తక్కువ పౌడరుతోనే వస్తోందంటే ఒత్తిడి కూడా అక్కడికి వచ్చేసినట్టే. ఎవరికీ ఊరికే రాదు వేగం. ప్రైమరు మార్చినా, బుల్లెటు మార్చినా, కేసు మార్చినా మళ్లీ కిందనుంచి.

పిస్టలు తూటాల్లో ప్రమాదం వేరే రకం. వేగంగా కాలే పౌడరు కేసులో మూడో వంతే నిండుతుంది కాబట్టి రెండుసార్లు పోసినా పట్టేస్తుంది, పైనుంచి చూస్తే తప్ప తెలియదు. అసలు పోయకపోతే ప్రైమరు ఒక్కటే బుల్లెటుని బ్యారెల్ మధ్యదాకా నెట్టి వదిలేస్తుంది, వెనకే ఇంకోటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. "టప్" అని చప్పుడు మెత్తగా వస్తే ఆగి, తుపాకీ ఖాళీ చేసి, బ్యారెల్‌లో కడ్డీ దూర్చి చూడాలి. కేసులో ఎక్కువ చోటు ఆక్రమించే పౌడరు ఎంచుకుంటే రెండోసారి పోసినప్పుడు పొంగి బయట పడుతుంది. ట్రే మీద టార్చి వేసి అన్ని కేసుల్లో మట్టం ఒకేలా ఉందో చూశాకే బుల్లెటు పెట్టాలి.

ఎదురువాదాలు

బల్ల మీద రైఫిలు ఆనించి అతి చిన్న గ్రూపుల కోసం పోటీపడే బెంచ్‌రెస్ట్ వాళ్ల సంగతేమిటని అడుగుతారు. వాళ్లు రేంజిలోనే నింపుకుంటారు, మధ్యాహ్నానికి పౌడరు మారుస్తారు, గెలుస్తారు కూడా. నిజమే. అయితే వాళ్ల పోటీల్లో స్థానం తేల్చేది అయిదు షాట్ల గ్రూపులు అయిదింటి సగటు, మొత్తం ఇరవై అయిదు షాట్లు. ఒక్క చిన్న గ్రూపు తీసి డబ్బా కొట్టుకోవడానికి అక్కడ వీల్లేదు. పైగా వాళ్ల రైఫిళ్ల సహజమైన చెదురే చాలా చిన్నది, అందుకే చిన్న మార్పు కూడా కనిపిస్తుంది. ఒక అంగుళం చెదిరే వేట రైఫిల్లో అదే మార్పు హోరులో కలిసిపోతుంది.

సీటింగ్ లోతు, అంటే బుల్లెటుని కేసులో ఎంత లోపలికి కూర్చోబెట్టాలన్న విషయంలో నా వాదన కాస్త బలహీనం, ఒప్పుకోవాలి. పొడవైన కొస ఉన్న కొన్ని బుల్లెట్లు రైఫ్లింగుకి (బ్యారెల్ లోపలి మెలితిరిగిన గాళ్లకి) ఎంత దూరంలో కూర్చున్నాయన్న దానికి నిజంగానే స్పందిస్తాయి. కానీ 0.003 అంగుళాల మెట్లతో వెతకడం వృథా. 0.030 లేదా 0.040 తేడాతో మూడు చోట్ల పెట్టి, ఒక్కో చోట పదేసి కాల్చి చూస్తే, తేడా అంటూ ఉంటే అదే కనిపిస్తుంది. రైఫ్లింగుకి తగిలించి కూర్చోబెడితే ఒత్తిడి పెరుగుతుందన్నది మరిచిపోకూడదు.

ఇంకో ఎదురువాదం జేబుది. "ముప్పై షాట్ల గ్రూపులంటే డబ్బు ఎంతవుతుందో తెలుసా?" ప్రైమర్లు 2020, 2021ల్లో దొరక్క ధర రెండు మూడింతలైన రోజులు చూసినవాళ్లు అడిగే ప్రశ్న. పౌండు పౌడరులో 7,000 గ్రెయిన్లుంటాయి. తూటాకి 40 చొప్పున 175 తూటాలొస్తాయి. పౌండు 50 డాలర్లనుకుంటే తూటాకి 29 సెంట్లు. ఇప్పుడు పది మెట్ల పరీక్ష మూడు పౌడర్లతో చేసి, తర్వాత సీటింగ్ లోతు పరీక్ష చేసి, ప్రైమర్లు మార్చి చూసేవాడు ఎన్ని కాల్చాడో లెక్కేయండి. మూడేసి మూడేసి చొప్పున నూట యాభై ఇట్టే దాటుతుంది, చేతికి వచ్చేది ఒక్క నమ్మదగిన ముక్క కూడా ఉండదు. 6.5 క్రీడ్‌మూర్ బ్యారెల్ పోటీ స్థాయి కచ్చితత్వాన్ని ఇచ్చేది రెండు మూడు వేల షాట్లు. అందులో నూట యాభై అంటే తక్కువేం కాదు. దానికంటే మంచి బుల్లెట్లు రెండు రకాలు, వాటికి పేరున్న పౌడరు ఒకటి తీసుకుని, ఒత్తిడి చూసుకున్నాక ఒక్కోదాన్ని ఇరవై కాల్చి, బాగున్నదాన్ని ఉంచుకుని, మిగిలిన నూటపదీ గాలి వీస్తున్నప్పుడు, మోకాలి మీద, కర్రల మీద ఆనించి సాధన చేయడం మేలు. రెండూ బాగోలేకపోతే పౌడరు దశాంశాలు కదపకండి. బుల్లెటు మార్చండి.

చట్టం గురించి రెండు మాటలు

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా చదవాలి. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. చాలామందికి తెలియనిది, ఆ చట్టంలో తూటా అన్న నిర్వచనంలోకి కేసులు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడరు అన్నీ వస్తాయి. అంటే లైసెన్సు గడువు దాటిన మర్నాడు తుపాకీ స్నేహితుడి ఇంట్లో ఉన్నా, గ్యారేజీలోని ప్రైమర్ల పెట్టె మాత్రం మీ దగ్గర ఉన్నట్టే. లాయరుని అడిగి గానీ మొదలుపెట్టకండి. నింపినవి అమ్మాలంటే తయారీదారు లైసెన్సు కావాలి. ఇండియాలో అయితే 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడమే నేరం, కాబట్టి ఈ వ్యాసం అక్కడ చేసి చూడటానికి కాదు. హైదరాబాదు రేంజిల్లో .22 కాల్చేవాళ్లకి ఎలాగూ ఈ గొడవ లేదు. రిమ్‌ఫైర్ కేసులో ప్రైమరు మందు అంచులోనే ఉంటుంది కనక మామూలు పద్ధతిలో మళ్లీ నింపడం కుదరదు. వాళ్లు చేసేది, రైఫిల్ని బిగించి ఒక్కో లాటుని (ఒకే విడతలో తయారైన తూటాల్ని) పది షాట్ల గ్రూపులతో పరీక్షించి నచ్చిన లాటు పెద్దమొత్తంలో కొనుక్కోవడం. పరీక్ష చేసే పద్ధతి మనం వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు.

వేటకి ఏం కావాలి

1946లో కెనడాలో మూస్ అనే పెద్ద దుప్పిని కాల్చినప్పుడు బుల్లెట్లు సరిగా లోపలికి దిగకపోవడంతో జాన్ నోస్లర్ మధ్యలో అడ్డుగోడ ఉన్న బుల్లెటు తయారు చేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చొచ్చుకుపోతుంది. ఆ పార్టిషన్ బుల్లెట్లు చాలాకాలం దొరికింది ప్రధానంగా చేత్తో నింపుకునేవాళ్లకే. వేటగాడికి హ్యాండ్‌లోడింగ్ ఇచ్చిన అసలు లాభం ఇదీ: జంతువుకి తగ్గ బుల్లెటు ఎంచుకునే స్వేచ్ఛ. గ్రూపు పావు అంగుళం తగ్గడం కాదు.

కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకి సీసం తూటాలు పూర్తిగా నిషేధం కాబట్టి అక్కడ రాగి బుల్లెట్లే దిక్కు. రాగి సీసం కంటే తేలిక, అందుకని అదే బరువుకి బుల్లెటు పొడవవుతుంది, కేసులో ఎక్కువ చోటు తింటుంది. సీసం బుల్లెటు డేటా దానికి పనికిరాదు, ఆ బుల్లెటుకే ఇచ్చిన డేటా చూడాలి. రాగి విచ్చుకోవడానికి వేగం కావాలి కాబట్టి, ఎంత దూరం దాకా ఆ వేగం ఉంటుందో కంపెనీ చెప్పిన కనిష్ఠంతో పోల్చి, అక్కడే మీ హద్దు గీసుకోవాలి.

ఇక రైఫిలు ఎక్కడ కాలుస్తోందో తెలుసుకోవడానికి, సీజనుకి ముందు నెలలో రేంజికి వెళ్లిన ప్రతిసారీ మొదటి షాటు, చల్లటి బ్యారెల్‌తో, ఒకే కాగితం మీద వేయండి. కాగితం ఇంటికి తెచ్చుకుని మళ్లీ తీసుకెళ్లండి. వేటలో వేసేది ఆ మొదటి షాటే. పది చిల్లులు పడ్డాక వాటి మధ్యబిందువు ఎక్కడుందో చూసి స్కోపు సర్దుకోండి. మూడు చిల్లులు చూసి రెండు క్లిక్కులు అటు, మళ్లీ మూడు చూసి రెండు క్లిక్కులు ఇటు తిప్పేవాళ్ల సున్నా (స్కోపు గురి, చిల్లు కలిసే చోటు) సీజనంతా తిరుగుతూనే ఉంటుంది. ఆ పది చిల్లులూ మూడు అంగుళాల వృత్తంలో పడితే, మీ వేట వంద గజాల లోపలిదైతే, ప్రెస్ మీద గుడ్డ కప్పేయొచ్చు.